బాలుర ప్రాథమిక పాఠశాల వారపత్రం: ఈ వారం వార్తలు, రాబోయే కార్యక్రమాలు రాయడం ఎలా?

బడి వారపత్రం రాసే పని ఎవరికి అప్పగించినా, ఎక్కువమంది గడిచిన వారంతోనే మొదలుపెడతారు. సోమవారం ఎవరు గెలిచారు, బుధవారం ఎవరు వచ్చి మాట్లాడారు, శుక్రవారం ఎవరికి బహుమతి వచ్చింది. చదివే ఇంట్లోవాళ్లకు ముందు కావాల్సింది మాత్రం వచ్చే వారం సంగతి. పిల్లవాడు ఏం వేసుకెళ్లాలి, ఏ కాగితం మీద సంతకం పెట్టాలి, ఎన్ని గంటలకు వచ్చి తీసుకెళ్లాలి. ఇవి మూడో పేజీ అడుగున ఉన్న పత్రాన్ని రెండు వారాలు చూస్తారు, మూడో వారం తెరవరు.

అందుకే ఇందులో చెప్పేదంతా ఒక్క క్రమం మీద నడుస్తుంది: రాబోయేది ముందు, జరిగింది తర్వాత. మొదటి భాగం కోసం పత్రం తెరుస్తారు, రెండో భాగం కోసం దాచుకుంటారు. ఐదు నుంచి పన్నెండేళ్ల లోపు మగపిల్లలు చదివే బడిలో ఈ పని చేసే టీచర్లను, ఆఫీసు సిబ్బందిని, సాయానికి వచ్చే తల్లిదండ్రులను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. డిజైన్ తెలియనక్కర్లేదు. వారానికి మొత్తం మీద రెండు మూడు గంటలు కేటాయించగలిగితే చాలు.

1. ముందు క్యాలెండర్, తర్వాతే పత్రం

సంవత్సరం మొదట్లోనే ఒక్క క్యాలెండర్ తయారు చేయండి. దానికి ఒక్కరే బాధ్యులు కావాలి. హెడ్మాస్టర్ దగ్గర ఒకటి, ఆటల టీచర్ దగ్గర ఒకటి, ఆఫీసు గోడ మీద ఒకటి వేర్వేరుగా ఉంటే మీ పత్రంలో తప్పు రావడం ఖాయం. సెలవులు, పరీక్షలు, సగం పూట బడి ఉండే రోజులు, పేరెంట్స్ మీటింగులు, వైద్య పరీక్షలు, టీకాల రోజులు, స్పోర్ట్స్ డే, విహారయాత్రలు, ఫొటోలు తీసే రోజు, ఫీజు గడువులు అన్నీ అందులోకి ఎక్కించండి. తేదీ ఇంకా ఖాయం కానివాటికి పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి. ఆ గుర్తు ఉన్నది ఏదీ పత్రంలోకి వెళ్లకూడదు.

బాలుర బడికి ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కుంది. అన్నదమ్ములు మీ బడిలో ఉంటే అక్కచెల్లెళ్లు ఇంకో బడిలో ఉంటారు. ఆ ఇంటికి రెండు క్యాలెండర్లు, రెండు గేట్లు, రెండు వేళలు. మీ బడిలో పేరెంట్స్ మీటింగ్ పెట్టిన సాయంత్రమే ఆ బడిలో వార్షికోత్సవం ఉంటే తల్లిదండ్రులు ఎటు వెళ్లాలి? మీ పిల్లల అక్కచెల్లెళ్లు ఎక్కువగా చదివే బడి ఏదో కనుక్కుని, ఏడాదికి ఒకసారి వాళ్ల సెలవుల జాబితా తీసుకుని, మీ క్యాలెండర్ పక్కన పెట్టి చూడండి. అన్నీ కలవవు. కనీసం ఎక్కడ ఢీకొంటున్నాయో మీకు ముందే తెలుస్తుంది, ఆ వారాల్లో నెల ముందుగానే చెప్పగలుగుతారు.

ప్రపంచ దినాల విషయానికొస్తే, అన్నీ జరపాలని చూడకండి. ఏడాదికి నాలుగో ఐదో ఎంచుకుంటే ఒక్కోదాని చుట్టూ నిజమైన పని జరుగుతుంది. ప్రాథమిక తరగతులకు బాగా పనికొచ్చేవి ఇవి: ఫిబ్రవరి 21న అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం (యునెస్కో 1999లో ప్రకటించింది, 2000 నుంచి జరుగుతోంది), మార్చి 14న అంతర్జాతీయ గణిత దినోత్సవం (మొదటిసారి 2020లో), ఏప్రిల్ 23న ప్రపంచ పుస్తక దినోత్సవం (1995లో మొదలు), జూన్ 5న ప్రపంచ పర్యావరణ దినోత్సవం (1973 నుంచి), సెప్టెంబరు 8న అంతర్జాతీయ అక్షరాస్యతా దినోత్సవం (1967 నుంచి), అక్టోబరు 5న ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవం (1994 నుంచి), అక్టోబరు 15న చేతులు కడుక్కునే దినం (2008 నుంచి), నవంబరు 20న ప్రపంచ బాలల దినోత్సవం. నవంబరు 20కి ఒక అర్థముంది: ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ప్రకటనను 1959లోనూ, బాలల హక్కుల ఒడంబడికను 1989లోనూ అదే తేదీన ఆమోదించింది. కొన్ని దినాలను ఒక్కో దేశం వేరే తేదీన జరుపుకుంటుంది. కాబట్టి మీ విద్యాశాఖ క్యాలెండర్ చూశాకే తేదీ వేయండి.

2. ఒక్కో కార్యక్రమం మూడుసార్లు కనిపించాలి

ఒక్కసారి చెబితే ఎవరికీ గుర్తుండదు, ప్రతి వారం చెబితే ఎవరూ చదవరు. మధ్యేమార్గం మూడుసార్లు. నాలుగు వారాల ముందు ఒక్క వాక్యం, అంటే తేదీ, పేరు మాత్రమే. ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు సెలవు అడగడానికి అది సరిపోతుంది. రెండు వారాల ముందు పూర్తి వివరం: ఏం కొనాలి, ఏం తయారు చేసుకోవాలి, ఎవరు రావచ్చు. ఆ వారంలో మళ్లీ చిన్నగా: ఏ రోజు, ఎన్నింటికి, సంచిలో ఏం ఉండాలి.

దీనికి వేరే పద్ధతి అక్కర్లేదు. క్యాలెండర్‌లో ఒక్కో కార్యక్రమానికి ఎదురుగా మూడు గడులు గీసి, పత్రంలో వేసినప్పుడల్లా ఒకటి టిక్ చేయండి.

వేషం వేసుకుని రావాల్సిన రోజులకు మాత్రం రెండు వారాలు చాలవు. మూడు వారాలు ఇవ్వండి. దుస్తులు కొననక్కర్లేదని, ఇంట్లో ఉన్న పాత చొక్కా, అట్టపెట్టె చాలని మొదటి వాక్యంలోనే రాయండి. డబ్బు ఇబ్బంది ఉన్న ఇంట్లో పిల్లవాడు ఆ రోజు కడుపునొప్పి అని బడి మానేస్తాడు. కారణం ఎవరికీ చెప్పడు.

3. సమాచారం సేకరించడం

ఈ పనిలో ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. టీచర్లకు తీరిక ఉండదు. "మీ తరగతి వార్తలు పంపండి" అని గ్రూపులో మెసేజ్ పెడితే ఒకరిద్దరు పంపుతారు, అదీ ఆఖరి రోజు రాత్రి. దానికి బదులు వంతులు పెట్టండి. ప్రతి తరగతి ప్రతి వారం రాయనక్కర్లేదు. ఈ వారం ఒకటి, నాలుగో తరగతులు, వచ్చే వారం రెండు, ఐదో తరగతులు. ఎవరి వంతు ఎప్పుడో స్టాఫ్ రూములో కాగితం అంటించండి.

గురువారం పత్రం వెళ్లాలనుకుంటే మంగళవారం మధ్యాహ్నం భోజనం వేళకు గడువు పెట్టండి. టీచర్‌ను వ్యాసం అడగకండి. రెండు ప్రశ్నలు చాలు: ఈ వారం మీ క్లాసులో పిల్లలు ఏ పనిలో మునిగిపోయారు? ఎవరైనా ఏదైనా గుర్తుండిపోయే మాట అన్నారా? కారిడార్‌లో నిలబడి రెండు నిమిషాల్లో చెప్పించుకుని మీరే రాసుకోవచ్చు. రాసి పంపిన దానికంటే నోటితో చెప్పిన దాంట్లోనే ప్రాణం ఎక్కువ ఉంటుంది.

కార్యక్రమాలకు మాత్రం నోటిమాట పనికిరాదు. ఒక చిన్న ఫారం పెట్టండి: ఏమిటి, ఏ తరగతికి, ఏ రోజు ఏ తేదీ, మొదలయ్యే వేళ, ముగిసే వేళ, ఎక్కడ, ఇంటి నుంచి ఏం కావాలి, సంతకం కావాలా, సందేహం వస్తే ఎవరిని అడగాలి. ఏ గడి ఖాళీగా వచ్చినా వెనక్కి పంపండి. మొహమాటపడితే ఆ ఖాళీ గురించి వంద ఫోన్లు ఆఫీసుకు వస్తాయి.

4. రాబోయే కార్యక్రమాన్ని రాయడం

పత్రంలో అన్నిటికంటే కష్టమైన భాగం ఇది. చూడటానికి తేలికగా కనిపిస్తుంది. ముందు ఒక మామూలు నోటీసు చూడండి:

"వచ్చే మంగళవారం 3వ తరగతి విద్యార్థులకు విజ్ఞాన యాత్ర నిర్వహించబడును. విద్యార్థులందరూ తప్పనిసరిగా సకాలంలో హాజరు కావలెను. అవసరమైన వస్తువులు వెంట తెచ్చుకొనవలెను."

ఇందులో ఇంట్లోవాళ్లకు పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. వచ్చే మంగళవారం అంటే రేపటిదా, ఆ పైవారానిదా? సకాలం అంటే ఎన్నింటికి? అవసరమైన వస్తువులేవి? ఇప్పుడు ఇది చూడండి:

"3వ తరగతి, మ్యూజియం యాత్ర. మంగళవారం, అక్టోబరు 14. ఉదయం 8:30కి బడి గేటు దగ్గర ఉండాలి, బస్సు 8:45కి బయల్దేరుతుంది. సాయంత్రం 4:30కి తిరిగి వస్తారు, అంటే మామూలు కంటే గంట ఆలస్యం. మధ్యాహ్నం తినడానికి డబ్బా, నీళ్ల సీసా, టోపీ తెచ్చుకోవాలి. యూనిఫాం, నడవడానికి వీలైన బూట్లు. డబ్బులు, ఫోన్లు వద్దు. అనుమతి పత్రం మీద సంతకం చేసి 10వ తేదీ శుక్రవారం లోపు క్లాస్ టీచర్‌కు ఇవ్వండి. బస్సులో వాంతులయ్యే అలవాటున్నా, రోజూ మందు వేసుకునేవాడైనా ఆ పత్రం వెనక రాయండి."

రెండోది పొడవుగానే ఉంది, కానీ ఒక్క మాట వృథా కాలేదు. కొన్ని సంగతులు గమనించండి. రోజు పేరు, తేదీ రెండూ పక్కపక్కనే ఉన్నాయి, కాబట్టి ఒకటి తప్పయితే ఇంకొకటి పట్టిస్తుంది. ముగిసే వేళ ఉంది. నోటీసుల్లో తరచూ ఎగిరిపోయేది అదే, ఇంట్లోవాళ్లకు అన్నిటికంటే అవసరమైనదీ అదే, ఎందుకంటే కూతురిని ఇంకో గేటు దగ్గర నుంచి తీసుకురావాల్సినవాళ్లు ఉంటారు. ఏం తేవాలో ఉన్నట్టే ఏం తేకూడదో కూడా ఉంది. సంతకం గడువు యాత్రకు ముందు రోజు కాదు, మధ్యలో శని, ఆదివారాలు పోను ఒక పనిరోజు టీచర్‌కు మిగిలేలా పెట్టారు. తెచ్చుకోవాల్సినవన్నీ పిల్లవాడు తనే చదువుకుని సంచి సర్దుకోగల మాటల్లో ఉన్నాయి.

బహిరంగంగా ఎవరైనా చూడగల చోట పత్రం పెడుతుంటే మాత్రం బస్సు ఎక్కడి నుంచి ఎన్నింటికి బయల్దేరుతుందో అందులో రాయకండి. ఆ వివరం ఆ తరగతి తల్లిదండ్రులకు విడిగా పంపండి. అందరికీ వెళ్లే దాంట్లో "3వ తరగతికి 14న యాత్ర, వివరాలు మీకు విడిగా వచ్చాయి" అంటే చాలు.

వాన పడితే ఏమవుతుందో కూడా ముందే చెప్పాలి. స్పోర్ట్స్ డే నోటీసులో "వాన పడితే మరుసటి శుక్రవారానికి వాయిదా. ఉదయం 7:30 లోపు మెసేజ్ పంపుతాం, మెసేజ్ రాకపోతే కార్యక్రమం ఉన్నట్టే" అని రాయండి. ఆ ఆఖరి ముక్క లేకపోతే తెల్లవారుజామున గ్రూపులో అందరూ ఆకాశం ఫొటోలు పెడుతూ కూర్చుంటారు.

గొంతు గురించి ఒక మాట. "హాజరు కానివారిపై చర్యలు తీసుకోబడును", "ఎట్టి పరిస్థితుల్లోనూ అనుమతించబడదు" వంటివి ఆఫీసు ఫైళ్లలో ఉండనివ్వండి. కారణం చెబితే ఎక్కువమంది వింటారు: "గేటు 8:50కి మూస్తాం, ఎందుకంటే 9 గంటల ప్రార్థనకు పిల్లలందరూ లోపల ఉండాలి." ఇంకోటి, ఎవరిని ఉద్దేశించి రాస్తున్నారో చూసుకోండి. "అమ్మలు దుస్తులు సిద్ధం చేయగలరు, నాన్నలు కుర్చీలు సర్దడానికి రాగలరు" అని రాస్తే, అమ్మ లేని పిల్లవాడు, నాన్న దూరదేశంలో ఉన్న పిల్లవాడు, తాత దగ్గర పెరిగేవాడు ఆ వాక్యం బయట నిలబడిపోతారు. "ఇంట్లో పెద్దవాళ్లు" అంటే అందరూ లోపలికి వస్తారు. పైగా కుట్టుపని నాన్నలకు కూడా వస్తుందని మగపిల్లల బడి చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

5. జరిగిన వార్త రాయడం

"కార్యక్రమం ఘనంగా జరిగింది. విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొన్నారు. అతిథులు పిల్లల ప్రతిభను కొనియాడారు." ఈ మూడు వాక్యాలు ఏ బడికైనా, ఏ సంవత్సరానికైనా సరిపోతాయి. అంటే మీ బడి గురించి ఏమీ చెప్పలేదన్నమాట. పరీక్ష తేలికే: పక్క బడి పేరు పెట్టి చదివినా వాక్యం నిలబడితే దాన్ని కొట్టేయండి.

దాని స్థానంలో పిల్లలు చేసిన పని రాయండి. రెండో తరగతి వాళ్లు చిక్కుడు గింజల్ని తడి దూదిలో పెట్టారనుకోండి. ఎన్ని గింజలు మొలిచాయి, ఎన్ని కుళ్లాయి, కిటికీ దగ్గర పెట్టినవి ఎటు వంగాయి, ఒక పిల్లవాడు "నాది మొలవలేదు, కానీ వాసన మాత్రం అందరికంటే గట్టిగా వస్తోంది" అన్నాడు. ఆ ఒక్క మాట కోసం ఇంట్లో పత్రం గట్టిగా చదివి నవ్వుకుంటారు. పిల్లల మాటను దిద్దకండి, అందంగా మార్చకండి. అలాగని వాడు సిగ్గుపడేది వేయకండి. పేరు లేకపోయినా పోలిక పడుతుందనిపిస్తే ముందు వాడినే అడగండి.

ఒక్క వార్తకు ఐదారు వాక్యాలు చాలు. చదివిన తర్వాత ఇంట్లో పిల్లవాడిని అడగడానికి ఒక ప్రశ్న దొరికేలా ఉంటే ఇంకా మంచిది. "ఈ రోజు బడిలో ఏం చేశారు?" అంటే మగపిల్లల జవాబు ఎక్కడైనా ఒకటే: "ఏం లేదు." అదే "కిటికీ దగ్గర పెట్టిన మొలక ఎటు వంగింది?" అంటే భోజనం అయ్యేదాకా చెబుతూనే ఉంటాడు.

6. బాలుర బడి పత్రం ఆటల పేజీ అయిపోకుండా

ఏమీ ఆలోచించకుండా రాస్తూ పోతే బాలుర బడి పత్రంలో మ్యాచ్ ఫలితాలు ముప్పావు వంతు ఆక్రమిస్తాయి. స్కోరు చేతికి సిద్ధంగా దొరుకుతుంది, ఫొటో ఉంటుంది, కప్పు ఉంటుంది. చదువుకుంటూ కూర్చున్న పిల్లవాడి ఫొటో ఎవరూ తీయరు. ఆటలు తగ్గించమని అనడం లేదు, వాటి పక్కన మిగతావి నిలబెట్టమంటున్నాను. జట్టులో చోటు దొరకని పిల్లలే ఏ బడిలోనైనా ఎక్కువ. వాళ్ల ఇళ్లకూ ఇదే పత్రం వెళుతుంది.

ముఖ్యంగా చదవడం. నాలుగో తరగతి పిల్లల పఠన సామర్థ్యాన్ని కొలిచే అంతర్జాతీయ పరీక్ష పిర్ల్స్ 2001 నుంచి ఐదేళ్లకోసారి జరుగుతోంది. పాల్గొన్న దేశాల్లో అత్యధిక భాగం చోట్ల ప్రతిసారీ ఆడపిల్లల సగటే పైన ఉంటోంది. చదవడం తమ పని కాదని మగపిల్లలు చాలా చిన్నప్పుడే అనేసుకోవడం కూడా ఇందులో ఒక భాగం. కాబట్టి ప్రతి వారం పత్రంలో ఒక మూల "ఈ వారం చదువుతున్నవాడు" అని కేటాయించండి. పిల్లవాడు పుస్తకం పేరు చెప్పి, అందులో తనకు నచ్చిన ఒక చోటు, విసుగొచ్చిన ఒక చోటు చెబితే చాలు. కథల పుస్తకమే కానక్కర్లేదు. రైళ్ల గురించి, పాముల గురించి, బొమ్మల కథలు ఏదైనా సరే. క్రికెట్ టీమ్ కెప్టెన్‌ను, అల్లరికి పేరుపడ్డవాడిని కూడా అడగండి. చిన్న తరగతులవాళ్లు పుస్తకాల కంటే ముందు పెద్ద తరగతి కుర్రాళ్లను చూసి నేర్చుకుంటారు. వీలైతే టీచర్లు, వాచ్‌మన్, బస్సు డ్రైవర్ కూడా తాము చదువుతున్నది చెప్పవచ్చు. చదివే మగవాళ్లు పిల్లల కంటబడాలి.

పాటలు పాడినవాడు, మొక్కలకు నీళ్లు పోసినవాడు, కొత్తగా చేరిన పిల్లవాడి పక్కన వారమంతా కూర్చున్నవాడు కూడా వార్తే. "అల్లరి పిడుగులు", "మగపిల్లలంటే ఇంతే" వంటి మాటలు ముద్దుగా ఉన్నా మానేయండి. ఏడాది పొడవునా అదే చదివిన పిల్లలు అదే పాత్ర పోషిస్తారు. "ఏడవకుండా ధైర్యంగా నిలబడ్డాడు" అనే మెచ్చుకోలు కూడా నాకు నచ్చదు. ఏడ్చి, ముఖం కడుక్కుని, వెళ్లి మళ్లీ పద్యం చెప్పినవాడి ధైర్యం తక్కువేమీ కాదు.

చివరగా ఒక పట్టిక. బడిలో పిల్లలందరి పేర్లూ రాసుకుని, పత్రంలో ఎవరి పని వచ్చినా ఆ పేరు ఎదురుగా తేదీ వేయండి. సగం ఏడాది గడిచాక ఖాళీగా ఉన్న పేర్లు చూడండి. ఆ జాబితా తీసుకుని క్లాస్ టీచర్ల దగ్గరికి వెళ్లి ఈ పిల్లలు ఏం చేస్తుంటారని అడగండి. బడిలో ఎవరి కంటా పడని పిల్లలు ఎవరో ఆ కాగితం చూపిస్తుంది. పత్రం కంటే దానివల్లే ఎక్కువ మేలు జరగొచ్చు.

7. పేర్లు, ఫొటోలు, జబ్బుల వార్తలు

బాలల హక్కుల ఒడంబడిక 16వ అధికరణం పిల్లల గోప్యతకు రక్షణ ఇస్తుంది. చట్టాలు దేశానికొక తీరుగా ఉంటాయి కాబట్టి మీ చోట ఏం వర్తిస్తుందో హెడ్మాస్టర్‌తో మాట్లాడి రాసిపెట్టుకోండి. అవి ఎలా ఉన్నా ఈ పద్ధతులు పాటించడం మేలు.

ఏడాది మొదట్లో రాతపూర్వక అనుమతి తీసుకోండి. దాన్ని మూడు ముక్కలుగా అడగండి: కాగితం మీద ఫొటో వేయొచ్చా, గ్రూపులో పంపొచ్చా, అందరూ చూసే చోట పెట్టొచ్చా. ఒకదానికి సరేనన్నవాళ్లు మిగతావాటికి సరేనన్నట్టు కాదు. వద్దన్న పిల్లల పేర్లు ఫొటోలు తీసేవాళ్ల దగ్గర ఉండాలి. ఆ పిల్లవాడిని గుంపులోంచి పక్కకు జరిపి ఫొటో తీయకండి, వాడికి కారణం తెలియకపోవచ్చు. చేతుల ఫొటో, వెనక నుంచి ఫొటో, చేసిన వస్తువు ఫొటో తీస్తే ఆ ఇబ్బందే రాదు, పైగా వరసగా నిలబెట్టిన గ్రూపు ఫొటోల కంటే అవే బాగుంటాయి.

ముఖం, పూర్తి పేరు రెండూ ఒకేచోట వేయకండి. ఈతకు, ఆటలకు బట్టలు మార్చుకునే చోట ఫొటోలు అసలు వద్దు. ఫోన్‌తో తీసిన ఫొటోలో అది తీసిన చోటు వివరం కూడా దాగి ఉండొచ్చు కాబట్టి కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేయండి.

జబ్బుల గురించి రాసేటప్పుడు పిల్లవాడి పేరు సరే, తరగతి పేరు కూడా చాలాసార్లు అనవసరం. తలలో పేల నోటీసు అందరికీ ఒకేలా వెళ్లాలి. పేలు ఎగరవు, దూకవు, తలకు తల తగిలినప్పుడు పాకుతాయి. శుభ్రత లేకపోవడానికీ వాటికీ సంబంధం లేదు. ఈపులు సుమారు 7 నుంచి 10 రోజుల్లో పొదుగుతాయి, అందుకే చాలా మందులు రెండోసారి కూడా వాడమంటారు. ఈ మూడు వాక్యాలు రాస్తే ఎవరి తల నుంచి ఎవరి తలకు వచ్చాయన్న వేట ఆగుతుంది. ఆటలమ్మ అయితే ఒళ్లంతా పొక్కులు ఎండి పక్కు కట్టేదాకా పిల్లవాడిని పంపొద్దని, ఇంకొకరికి సోకితే 10 నుంచి 21 రోజుల్లో బయటపడుతుందని రాయండి. ఇంట్లో గర్భిణి ఉన్నా, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లున్నా డాక్టర్‌ను అడగమనడం ఇక్కడ తప్పనిసరి. శిక్షలు, గొడవలు, ఫీజు బాకీలు వారపత్రంలోకి రానేకూడదు.

8. అమరిక

ఇక్కడ ఎక్కువ సమయం పెట్టకండి. ఒక నమూనా తయారు చేసుకుని ఏడాదంతా అదే వాడండి. ఎప్పుడూ ఒకే క్రమం ఉంటే ఇంట్లోవాళ్లు వెతుక్కోనక్కర్లేదు:

పైన బడి పేరు, సంచిక సంఖ్య, తేదీ.
వెంటనే "ఈ వారం మీరు చేయాల్సినవి", మూడు నాలుగు వాక్యాలు.
తర్వాత "వచ్చే వారం", రోజువారీగా. ఏమీ లేని రోజుకు "మామూలు బడి" అని రాయండి.
ఆ తర్వాత "ముందు ముందు", ఒక్కో వాక్యం.
అక్కడి నుంచి వార్తలు, పిల్లల మాటలు, చదువుతున్నవాడు.
అడుగున ఆఫీసు ఫోను, వేళలు.

కాగితం మీద అయితే ఏ4 రెండు వైపులా చాలు. అక్షరం 12 పాయింట్లకు తగ్గకూడదు, తాతయ్యలూ నానమ్మలూ చదువుతారు. రంగుల మోజు ఉన్నవాళ్లకు ఒక కొలత: అక్షరానికీ వెనక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలని వెబ్ సౌలభ్య ప్రమాణాలు చెబుతాయి. పసుపు మీద తెల్ల అక్షరాలు దాని దరిదాపుల్లోకి కూడా రావు. ఫోన్‌లో చదివేవాళ్లకు పీడీఎఫ్ అంటే వేళ్లతో పెద్దది చేసి అటూఇటూ జరుపుకోవడమే. అందుకని చేయాల్సిన పనుల భాగాన్ని మెసేజ్‌లోనే నేరుగా టైపు చేసి పంపండి, పీడీఎఫ్ దాని కింద పెట్టండి. పోస్టర్ లాంటి బొమ్మలో తేదీలు వేసి పంపితే చూపు లేనివాళ్ల ఫోన్ దాన్ని సరిగా చదివి వినిపించలేకపోవచ్చు, ఇతర భాష వాళ్లు దాన్ని అనువదించుకోవడమూ కష్టమే.

9. సరిచూడటం, పంపడం

రాసినవాళ్లకు తమ తప్పు కనపడదు. ఇంకొకరు ఒక్కసారి తేదీలు మాత్రమే చూడాలి, క్యాలెండర్ పక్కన పెట్టుకుని, రోజు, తేదీ, వేళ గట్టిగా చదువుతూ. మరోసారి పేర్లు మాత్రమే, హాజరు రిజిస్టర్‌తో పోల్చి. పేరులో ఒక్క అక్షరం తప్పుపోతే ఆ పిల్లవాడికి అది ఏడాదంతా గుర్తుంటుంది. చివర్లో హెడ్మాస్టర్ చూసి సరేననాలి.

నా ఓటు గురువారానికే. శుక్రవారం సాయంత్రం పంపితే సందేహం అడగడానికి బడి ఉండదు, సోమవారానికి మరిచిపోతారు. గురువారం మధ్యాహ్నం పంపితే మర్నాడు అడుగుతారు, శని, ఆదివారాల్లో కావాల్సినవి కొనుక్కుంటారు. ఏ రోజు ఎంచుకున్నా రోజూ వేళా మారకూడదు. ఫోన్లు లేని ఇళ్లకు కాగితం పంపండి. అయితే పిల్లల సంచి అడుగున నలిగిన కాగితాల పొర ఒకటి ఉంటుందని, మీ పత్రం అక్కడికే చేరుతుందని గుర్తుపెట్టుకోండి. డైరీలో అంటిస్తే కాస్త నమ్మకం. రెండు ఇళ్లలో పెరిగే పిల్లలకు రెండు ఇళ్లకూ వెళ్లాలి.

తప్పు వెళ్లిపోతే పాతదాన్ని చడీచప్పుడు లేకుండా మార్చేయకండి. కొత్త మెసేజ్ పంపండి, మొదటి మాటే "సవరణ" అని ఉండాలి: "సవరణ: 3వ తరగతి యాత్ర 14న కాదు, 16వ తేదీ గురువారం. వేళలు అవే." పాత తేదీ, కొత్త తేదీ రెండూ కనబడాలి. వివరణలు, క్షమాపణలు తర్వాత.

కొన్ని వారాలు వార్తలే ఉండవు. పరీక్షల వారం అలాంటిదే. అర పేజీ పంపండి, నింపడానికి సూక్తులు వేయకండి. దీనికి పూర్తిగా వేరైన సందర్భం ఒకటుంది: బడిలో ఎవరైనా చనిపోయినప్పుడు, పెద్ద ప్రమాదం జరిగినప్పుడు. ఆ వార్త వారపత్రంలో స్పోర్ట్స్ డే పక్కన రాకూడదు. ఆ కుటుంబంతో ముందు మాట్లాడి, హెడ్మాస్టర్ సంతకంతో విడిగా ఉత్తరం వెళ్లాలి, పిల్లలకు ఇంట్లో ఎలా చెప్పాలో అందులో ఉండాలి. ఆ వారం మామూలు పత్రంలో తేదీలు మాత్రమే వేయండి.

10. పిల్లల్ని సంపాదకులుగా చేయడం

పత్రం కుదురుకున్నాక, మొదటి ఏడాది చివర్లో ఈ పని మొదలుపెట్టొచ్చు. ఇది కొత్త ఆలోచన కాదు. ఫ్రాన్స్‌లో సెలెస్తాఁ ఫ్రెనే అనే పల్లెటూరి ఉపాధ్యాయుడు 1920ల్లో తన తరగతి గదిలో చిన్న ముద్రణాయంత్రం పెట్టి, పిల్లలు రాసిన పాఠాలను వాళ్లచేతే అచ్చు వేయించి, వాటిని ఇతర బడుల పిల్లలకు పంపించాడు. పోలండ్‌లో వైద్యుడు, రచయిత అయిన యానుష్ కోర్చాక్ 1926లో ఒక వార్సా దినపత్రికకు శుక్రవారం అనుబంధంగా పిల్లలే రాసే పత్రిక ప్రారంభించాడు. 1939లో యుద్ధం వచ్చేదాకా అది నడిచింది. ఇద్దరూ పిల్లల రాతను ముద్దు కోసం కాక, చదవదగ్గ వార్తగా చూశారు.

పెద్ద తరగతి నుంచి నలుగురిని తీసుకోండి, చక్కగా రాసేవాళ్లనే కాదు. ఒకడు ప్రశ్నలు అడుగుతాడు, ఒకడు రాస్తాడు, ఒకడు బొమ్మ వేస్తాడు, ఒకడు క్యాలెండర్ పట్టుకుని తేదీలు సరిచూస్తాడు. ఆ ఆఖరి పనికి మహా మొండివాడిని ఎంచుకోండి, పెద్దవాళ్ల తప్పు పట్టుకోవడంలో వాడికి దొరికే ఆనందం మీకు బాగా పనికొస్తుంది. ఆరు వారాలకోసారి జట్టు మార్చండి. వార్తల భాగం వాళ్లకు వదిలేయండి. కార్యక్రమాల భాగం, ఫొటోల అనుమతులు, ఆరోగ్య నోటీసులు మాత్రం పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. మొదట్లో ఒక పేరా రావడానికి వారం పడుతుంది. దాని పక్కన మీ పేరా ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. వాళ్లది సమయానికి వస్తే మీది తీసేయండి.